ఎర్రగుంట్ల బండల ఫ్యాక్టరీకి హోస్టింగ్ వెతికిన కథ

హోస్టింగ్, అంటే సైట్‌ను ఉంచడానికి సర్వర్ మీద అద్దెకు తీసుకునే చోటు, ఏది తీసుకుంటే మంచిదని అడిగిన క్లయింట్ నాకు ఇంతవరకు తగల్లేదు. 'సైట్ తెరుచుకోవడం లేదు' అనో, 'రెన్యువల్‌కు డబ్బు కట్టమని ఎవరో మెయిల్ పెట్టినారు, కట్టాలా వద్దా' అనో ఫోన్ వస్తుంది. హోస్టింగ్ ఊసు అక్కడి నుంచి మొదలవుతుంది. ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ నడిపే అన్న మాత్రం వేరే బాధతో ఫోన్ చేశాడు. "మా మెయిళ్లు పోతాండాయి గానీ అవతల ఎవురికీ చేరడం ల్యా నాయనా. హోస్టింగ్ మార్చాల్నంట గదా, మంచిది ఏదో చూసి పెట్టు."

మెయిల్ చేరకపోతే హోస్టింగ్ మార్చమని ఎవరు చెప్పారో నేను అడగలేదు. ఆ మాటలో సగం నిజం ఉంది మరి.

నేను కడపలో ఉంటూ చిన్నాచితకా వెబ్‌సైట్లు చేస్తుంటాను. స్కూళ్లు, నర్సింగ్ హోమ్‌లు, కల్యాణ మండపాలు, ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు. వీళ్లలో చాలామందికి సైట్ అంటే గూగుల్‌లో పేరు కొడితే ఏదో ఒకటి కనబడాలి, అంతే. బండల వ్యాపారం అట్లా కాదు. కడప బండలకు బెంగళూరులో, చెన్నైలో, కేరళలో గిరాకీ. అక్కడి ఆర్కిటెక్ట్ డ్రాయింగ్ మెయిల్ చేస్తాడు. సైజు, మందం, పాలిష్ రకం, అడుగు రేటు, లారీ బాడుగ అన్నీ వేసి ఇక్కడి నుంచి కొటేషన్ మెయిల్‌లోనే పోవాలి. అది స్పామ్‌లో పడితే ఆ ఆర్డర్ తాడిపత్రికో బేతంచెర్లకో పోయినట్టే.

ఫ్యాక్టరీకి పోయి చూశాను. ఆఫీసు గదిలో కంప్యూటర్ కీబోర్డుకు ప్లాస్టిక్ కవరు తొడిగి ఉంది, మిషన్ల కాడి దుమ్ము మీటల సందుల్లోకి పోకుండా. అకౌంట్లు చూసే పెద్దాయన కవరు తియ్యకుండానే టైప్ చేస్తాడు. నా ఎదురుగానే ఒక పాత కొటేషన్ నా జీమెయిల్‌కు పంపించమన్నాను. వచ్చింది, నేరుగా స్పామ్‌లోకి. మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' తెరిస్తే సంగతంతా పైనే ఉంది. ఎస్‌పీఎఫ్ ఎదురుగా సాఫ్ట్‌ఫెయిల్, అంటే అనుమానం. డీకిమ్ అనే వరుసే లేదు.

ఈ డొమైన్ (సైట్ పేరు) మీద మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకు ఉందో డీఎన్‌ఎస్‌లో, అంటే ఆ పేరుకు సంబంధించిన సర్వర్ల చిట్టాలో, రాసిపెట్టుకునే వరుస ఎస్‌పీఎఫ్. పంపే సర్వర్ ప్రతి మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం డీకిమ్. ఇక్కడ ఎస్‌పీఎఫ్‌లో ఎప్పటిదో పాత సర్వర్ ఐపీ (ఇంటర్నెట్‌లో సర్వర్ చిరునామా) ఉంది. హోస్టింగ్ కంపెనీ మధ్యలో సర్వర్ మార్చింది, ఆ వరుసను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఇన్నాళ్లూ ఎట్లో నడిచింది గానీ, 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ పట్టు బిగించింది. జీమెయిల్‌కు పంపేవాళ్లు ఎవరైనా సరే ఈ రెండింటిలో ఒక్కటైనా సరిగ్గా పెట్టుకోవాలి. రోజుకు 5,000 పైన పంపేవాళ్లకు రెండూ ఉండాలి, వాటితోపాటు డీమార్క్ కూడా, అంటే ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో అవతలి సర్వర్లకు చెప్పే వరుస.

ఇంకో చిక్కు కూడా కనబడింది. ఆ సర్వర్ ఐపీ ఒక బ్లాక్‌లిస్టులో ఉంది. అందులో అన్న చేసిందేమీ లేదు. షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే ఐపీ మీద వందల సైట్లు కాపురం ఉంటాయి. వాటిలో ఒకరి వర్డ్‌ప్రెస్ (సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) హ్యాక్ అయి చెత్త మెయిళ్లు వదిలితే చెడ్డపేరు అందరికీ వస్తుంది. పెద్దాయన దీనికి తన పద్ధతిలో తాను మందు కనిపెట్టుకున్నాడు. కొటేషన్ పంపిన ప్రతిసారీ అవతలివాళ్లకు ఫోన్ చేసి "సార్, స్పామ్‌లో చూడండి" అని చెప్పడం.

అంటే అన్న హోస్టింగ్ అంటున్నది మూడు వేర్వేరు సంగతులు: డొమైన్, మెయిల్, సైట్. అమ్మేవాళ్లు మూడింటినీ ఒకే మూటలో కట్టి ఇస్తారు కాబట్టి కొనేవాళ్లకు ఒకటిగానే కనబడతాయి. మూట విప్పడమే మొదటి పని అనుకున్నాను.

డొమైన్ ఎవరి పేరు మీద ఉందో తేలకుండా నేను ఏ పనీ మొదలుపెట్టను. డొమైన్ ఎవరిదో చూపే హూయిజ్‌లో చూస్తే ప్రైవసీ తెర వేసి ఉంది, పేరు కనబడదు. అన్నను అడిగితే కథ చెప్పాడు. తెలిసినవాళ్ల అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తూ అభిమానం కొద్దీ సైట్ చేసి పెట్టాడు. డొమైన్, హోస్టింగ్ రెండూ తన అకౌంట్‌లో, తన కార్డుతో కొన్నాడు. ఏటా అతనే కడతాడు, అన్న ఆ డబ్బును వాళ్ల నాయనకు ఫోన్‌పే చేస్తాడు. అబ్బాయి ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్నాడు. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు, అంతా మర్యాదగానే నడిచింది. కానీ లారీల మీద, విజిటింగ్ కార్డుల మీద, ఫ్యాక్టరీ బోర్డు మీద రాయించుకున్న ఆ పేరు కాగితం ప్రకారం సిడ్నీలో ఉన్న ఆ అబ్బాయిది. అతని కార్డు గడువు తీరి రెన్యువల్ తప్పిందనుకోండి, డాట్ కామ్ అయితే కొన్ని వారాలు గ్రేస్ ఉంటుంది, ఆ తర్వాత 30 రోజుల రిడెంప్షన్. అందులో విడిపించుకోవాలంటే మామూలు రేటుకు ఎన్నో రెట్లు అడుగుతారు. అదీ దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు.

అన్నకు ఇది విడమరిచి చెబితే హోస్టింగ్ మాట పక్కకు పోయింది. "ముందు అది మన పేరు మీదికి తీసుకరా" అన్నాడు. పొలం పాస్‌బుక్కు చూసినవాళ్లకు ఈ ముక్క ఎక్కువ సేపు చెప్పనక్కర్లేదు.

డొమైన్ తెచ్చుకోవడానికి రెండు దారులు. ఒకటి, ఆథ్ కోడ్ (బదిలీకి ఇచ్చే రహస్య కోడ్) తీసుకుని వేరే రిజిస్ట్రార్‌కు, అంటే డొమైన్లు అమ్మే ఇంకో కంపెనీకి, బదిలీ. దీనికి లాక్ తియ్యాలి, ఐదారు రోజులు పట్టొచ్చు, డాట్ కామ్‌కు ఒక ఏడాది రుసుము కట్టాలి, ఆ ఏడాది గడువులో కలుస్తుంది. పైగా ముందే యజమాని పేరు మారిస్తే 60 రోజులు బదిలీకి తాళం పడే ప్రమాదం ఉంది. రెండోది, అదే రిజిస్ట్రార్ దగ్గర అన్న పేరుతో కొత్త అకౌంట్ తెరిచి, ఆ అబ్బాయి అకౌంట్ నుంచి దీనిలోకి నెట్టించడం. ఆ కంపెనీ మీద మాకు ఫిర్యాదేమీ లేదు కాబట్టి రెండోదే మేలనిపించింది.

ఒక ఆదివారం మనకు మధ్యాహ్నం మూడు, వాళ్లకు రాత్రి ఎనిమిదిన్నర అప్పుడు వాట్సాప్ వీడియో కాల్ పెట్టుకున్నాం. అబ్బాయికి పాస్‌వర్డ్ గుర్తులేదు. రీసెట్ చేస్తే ఓటీపీ అతని పాత ఇండియా నంబర్‌కు పోతోంది. ఆ సిమ్ ఇక్కడ వాళ్లమ్మ ఫోన్‌లో ఉంది. అమ్మ భోంచేసి పడుకుంది. అన్న వాళ్లింటికి మనిషిని పంపి, ఆమెను లేపి, ఓటీపీ ఫోన్‌లో చదివించి చెప్పించే లోపల గడువు తీరిపోయింది. మళ్లీ పంపించాం. ఆమె ఈసారి మెసేజ్‌లో మొదట కనబడిన ఫోన్ నంబరే చదివింది. మొత్తానికి డొమైన్ అన్న అకౌంట్‌లోకి వచ్చేసరికి సిడ్నీలో ఆ అబ్బాయి పడుకునే వేళ దాటిపోయింది. ఒక్క మాట విసుక్కోలేదు, అది చెప్పుకోవాలి.

ఆ కొత్త అకౌంట్‌కు ఇచ్చిన మెయిల్ అన్న సొంత జీమెయిల్. ఫ్యాక్టరీ డొమైన్ మీది మెయిల్ కాదు. డొమైన్‌కే ఏదన్నా అయిన రోజు దాన్ని విడిపించుకునే ఓటీపీ అదే డొమైన్ మెయిల్‌కు వస్తే, తాళంచెవి ఇంట్లో పెట్టి బయటి నుంచి తలుపేసుకున్నట్టే.

ఇక సైట్. నెల రోజుల లెక్క తీస్తే రోజుకు వచ్చేవాళ్లు కొన్ని పదుల మంది. దీనికి వీపీఎస్సూ (మనకే విడిగా ఇచ్చే వర్చువల్ సర్వర్) అక్కర్లేదు, క్లౌడూ అక్కర్లేదు. కానీ పేజీ మాత్రం నత్తనడక. బండల ఫొటోలు ఫోన్‌లో తీసినవి తీసినట్టు ఎక్కించారు, ఒక్కొక్కటి 6 ఎంబీ. ఎక్కించిన ప్రతి ఫొటోకూ వర్డ్‌ప్రెస్ ఆరేడు సైజుల్లో నకళ్లు తయారు చేసుకుంటుంది, థీమ్ ఇంకొన్ని కలుపుతుంది. వందల ఫొటోలంటే వేల ఫైళ్లు. 'అన్‌లిమిటెడ్' అని రాసే ప్లాన్లలో అసలు పరిమితి ఇక్కడే దాక్కుంటుంది. జీబీలకు హద్దు లేదంటారు, ఐనోడ్‌లకు, అంటే ఫైళ్ల సంఖ్యకు, హద్దు షరతుల పేజీలో ఎక్కడో ఉంటుంది. అందుకే నేను 'అన్‌లిమిటెడ్' కనబడితే నేరుగా ఆ పేజీకే పోతాను. ఫొటోలను 1,600 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫొటో రకంలోకి మారిస్తే ఒక్కొక్కటి 200 కేబీ దగ్గరికి వచ్చింది. ఇంకా కొత్త హోస్టింగ్ కొననేలేదు, సైట్ వేగం సగం బాగుపడింది.

మిగతా సగం సర్వర్ ఉన్న చోటును బట్టి. పాతది అమెరికాలో ఉంది. కడప నుంచి పింగ్ కొడితే, అంటే ఒక పలకరింపు పోయి రావడానికి పట్టే సమయం చూస్తే, 250 మిల్లీసెకన్లకు అటూ ఇటూ. ముంబైలో ఉన్న సర్వర్‌కు కొడితే 40 లోపల. చూడ్డానికి తేడా రెప్పపాటు కూడా కాదు. కానీ భద్రమైన సైట్ తెరుచుకోవాలంటే మొదటి అక్షరం రాకముందే బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య కనీసం మూడు రాకపోకలు జరగాలి. కనెక్షన్‌కు ఒకటి, టీఎల్‌ఎస్ (మాటలు బయటికి పొక్కకుండా చూసే పద్ధతి) చేతులు కలపడానికి ఒకటి, పేజీ అడగడానికి ఒకటి. అమెరికాకైతే ముక్కాలు సెకను అక్కడే పోయింది, ముంబైకైతే సెకనులో ఎనిమిదో వంతు. అన్న గిరాకీ అంతా బెంగళూరు, చెన్నై, కొచ్చి వైపు. కాబట్టి ఇండియాలో సర్వర్ లేని కంపెనీలన్నీ జాబితాలోంచి పోయాయి.

ఈ దశలో అన్న మేనల్లుడు రంగంలోకి దిగాడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "ఏడబ్ల్యూఎస్‌లో, అదే అమెజాన్ క్లౌడ్‌లో పెట్టండన్నా, ముంబైలో 2016 నుంచి ఉంది, 2022లో హైదరాబాద్‌లో కూడా రీజియన్ తెరిచారు కదా" అన్నాడు. అన్నీ నిజాలే. నేను ఒక్కటే అడిగాను, రాత్రి రెండుకు డిస్క్ నిండిపోయి డేటాబేస్ ఆగితే లేచేది ఎవరని. ఖాళీ సర్వర్ తీసుకుంటే ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు, పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ రాసిన భాష), ఫైర్‌వాల్, బ్యాకప్ అన్నీ మన నెత్తినే. మెయిల్ బయటికి పంపే 25వ పోర్టు కూడా అక్కడ మామూలుగా మూసే ఉంటుంది, అడిగి తెరిపించుకోవాలి. ఆఫీసులో ఆన్‌కాల్ డ్యూటీ చేసే మనిషి కాబట్టి అతనికి నవ్వొచ్చింది. "వద్దులేన్నా, షేర్డే తీసుకోండి" అన్నాడు.

రెండో సలహా మా సావాసగాళ్లది. మా కడపలో సైట్లు చేసే చాలామంది రీసెల్లర్ అకౌంట్ ఒకటి కొనుక్కుని క్లయింట్లందరినీ అందులోనే పెట్టి ఏటా బిల్లు వేస్తారు. స్థిరమైన రాబడి, తప్పేమీ లేదు. నేను ఆ పని చేయను. రేపు నేను ఊరు మారినా, మంచాన పడినా, పాతిక మంది సైట్లు నా కార్డు గడువు మీద వేలాడుతుంటాయి. అన్న డొమైన్‌కు జరిగింది అదే కదా, మనిషి మంచివాడైనా సరే. దీని మీద మా మధ్య వాదన ఇంకా నడుస్తూనే ఉంది. వాళ్లు నన్ను బతకడం చేతకానివాడంటారు.

ధరల దగ్గరికి వస్తే, పెద్ద అక్షరాల్లో ఉండే రేటు నాకు అక్కర్లేదు. రెండో బిల్లు ఎంత అన్నదే కావాలి. వరస చివర మిగిలిన రెండు కంపెనీల లెక్క అన్న ముందే కాగితం మీద వేశాను. మొదటి కంపెనీ నెలకు రూ.79 అంటోంది, అయితే 48 నెలల డబ్బు ఒకేసారి కట్టాలి. రూ.3,792, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం దాదాపు రూ.4,475. ఒక్క ఏడాదికే అయితే నెలకు రూ.179. ఏడాది తిరిగాక రెన్యువల్ నెలకు రూ.349, అంటే జీఎస్టీతో ఏటా రూ.4,942. రెండో కంపెనీది నెలకు రూ.200, ఏటా కట్టొచ్చు, రెన్యువల్ కూడా అదే. జీఎస్టీతో ఏటా రూ.2,832.

నాలుగేళ్లకు చూస్తే మొదటిది ఒకేసారి కడితే రూ.4,475, ఏడాదికోసారి కడితే సుమారు రూ.17,360. రెండోది రూ.11,328. కాగితం మీద చూస్తే నాలుగేళ్ల డబ్బు ముందే కట్టేయడం అన్నింటికన్నా చవక. అది దాచలేదు. కానీ మనీబ్యాక్ 30 రోజులే. ఆ తర్వాత సర్వర్ మొరాయించినా, సపోర్ట్ పలకకపోయినా ఆ డబ్బు మీద మాటాడే వీల్లేదు. అన్న ఆ కాగితం అటూ ఇటూ తిప్పి, "సరుకు దిగకముందే నాలుగేండ్ల డబ్బా? మనల్ను ఎవురన్నా అట్ల అడిగితే ఇచ్చామా?" అన్నాడు. రెండోదాని వైపు అక్కడే మొగ్గింది.

అయినా డబ్బు కట్టే తీరు చూడకుండా సరే అనలేదు. విదేశీ కంపెనీలు కార్డు నుంచి వాటంతటవే కోసుకునే పద్ధతి 2021 అక్టోబర్‌లో రిజర్వ్ బ్యాంక్ ఈ-మాండేట్ నియమాలు వచ్చాక చాలామందికి ఆగిపోయింది. ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉందని నిశ్చింతగా కూర్చున్న నా క్లయింట్ల సైట్లు రెండు మూడు అట్లాగే ఆగాయి. అన్న కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేయడం ఆయనకూ ఇష్టం లేదు. కాబట్టి రూపాయల్లో బిల్లు, యూపీఐ ఉండాలి. పెద్దాయన ఇంకో షరతు పెట్టాడు. బిల్లు మీద ఫ్యాక్టరీ జీఎస్టీ నంబర్ పడాలి, అది 2బీలో (జీఎస్టీ పోర్టల్‌లో మనకు వచ్చే క్రెడిట్ చిట్టా) కనబడాలి. మన రాష్ట్రం నంబర్లు 37తో మొదలవుతాయి. కంపెనీ మహారాష్ట్రది కాబట్టి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకానికి పడే పన్ను) వేయాలి, నంబర్ ఇవ్వకుండా కొంటే ఇన్‌పుట్ క్రెడిట్ పోతుంది. "నాలుగొందలైనా నాలుగొందలే గదా" అన్నాడు. కొనేటప్పుడు ప్రొఫైల్‌లో ఆ నంబర్ ముందే ఎక్కించాల్సి ఉంటుందని నేను ఆయన కోసమే సపోర్ట్‌ను అడిగి తెలుసుకున్నాను.

సపోర్ట్ సంగతి ఇక్కడే చెప్పాలి. ఏ కంపెనీ అయినా అమ్మకానికి ముందు తియ్యగానే మాట్లాడుతుంది. అందుకని నేను రాత్రి పదకొండు దాటాక చాట్ తెరిచి, సేల్స్ వాళ్లకు తెలియని ప్రశ్నలు అడుగుతాను. ఒక అకౌంట్‌కు ఎంట్రీ ప్రాసెస్‌లు ఎన్ని, ఐనోడ్‌లు ఎన్ని, గంటకు ఎన్ని మెయిళ్లు పోతాయి, బ్యాకప్ ఎక్కడ పెడతారు, రీస్టోర్ చేస్తే డబ్బు అడుగుతారా. ఎంట్రీ ప్రాసెస్ అంటే ఒకే క్షణంలో సర్వర్ మీద నడిచే మన సైట్ పీహెచ్‌పీ పనుల సంఖ్య అనుకోవచ్చు. అది దాటితే వచ్చినవాళ్లకు 508 ఎర్రర్ కనబడుతుంది. రూ.79 కంపెనీ చాట్‌లో ఏమడిగినా "మీకు ఏ ప్లాన్ కావాలి సార్" అనే వచ్చింది. రెండో కంపెనీలో ఎవరో అమ్మాయి ఎంట్రీ ప్రాసెస్‌లు 20, మెమరీ 1 జీబీ, ఐనోడ్‌లు 2 లక్షలు అని అంకెలతో చెప్పింది. మెయిళ్ల పరిమితి మాత్రం తనకు తెలియదని, కనుక్కుని చెప్తానని, తెల్లారేసరికి టికెట్‌లో జవాబు పెట్టింది. తెలియదని చెప్పడం నాకు నచ్చింది.

కొన్నాక మనీబ్యాక్ గడువులోనే ఒక పరీక్ష చేశాను. ఉత్త వర్డ్‌ప్రెస్ ఒకటి పెట్టి, రాత్రి బ్యాకప్ తీసుకోనిచ్చి, పొద్దున్నే ఫోల్డరూ డేటాబేసూ రెండూ తుడిచేశాను. సీప్యానెల్‌లో, అంటే హోస్టింగ్‌ను నడుపుకునే తెర మీద, జెట్‌బ్యాకప్ తెరిచి ముందు రోజు తేదీ మీద రీస్టోర్ నొక్కితే కాఫీ తాగి వచ్చేలోపు సైట్ లేచి కూర్చుంది. పైసా అడగలేదు. బ్యాకప్ ఇంకో సర్వర్‌లో ఉందన్నారు, అయినా వారానికో కాపీ అన్న గూగుల్ డ్రైవ్‌లోకి పోయేట్టు అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ అనే ప్లగిన్ పెట్టాను. బ్యాకప్ ఉందని ప్యానెల్‌లో పచ్చ టిక్కు చూసి నమ్మేవాళ్లను చూస్తే నాకు భయం.

కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రంగంలో ప్లాన్లు, యజమానులు, సపోర్ట్ అన్నీ ఏడాదికే తలకిందులవుతాయి. పేరు కన్నా ఎట్లా చూశామన్నదే పనికొస్తుంది.

సైట్ తరలించడం పెద్ద పనేమీ కాలేదు. ముందు రోజు డీఎన్‌ఎస్‌లో టీటీఎల్‌ను (పాత చిరునామాను మిగతావాళ్లు ఎంతసేపు గుర్తుంచుకోవచ్చో చెప్పే గడువు) 14,400 సెకన్ల నుంచి 300కు దించాను, మార్చిన ఐపీ త్వరగా అందరికీ అందేటట్టు. నా ల్యాప్‌టాప్ ముందుగా చూసే హోస్ట్స్ ఫైల్‌లో కొత్త ఐపీ రాసుకుని, లోకానికి పాత సైట్ కనబడుతుండగానే కొత్తదాన్ని తిరగేశాను. పాతది పీహెచ్‌పీ 7.4 మీద ఉంది. దానికి 2022 నవంబర్‌తోనే భద్రతా సవరణలు ఆగిపోయాయి. 8.3కు మార్చగానే గ్యాలరీ ప్లగిన్ తెల్ల పేజీ చూపించింది, దాన్ని పీకేసి వర్డ్‌ప్రెస్ సొంత గ్యాలరీనే వాడాను. సైట్‌ను భద్రమైనదని చూపే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ డీఎన్‌ఎస్ మారిన కాసేపటికి దానంతటదే వచ్చింది. ఆ సాయంత్రం అన్న ఫోన్‌లో కొత్త సైట్, ఆఫీసు ఫైబర్ మీద పాత సైట్ కనబడుతుంటే పెద్దాయన కంగారుపడ్డాడు. ఒక్క రాత్రి ఓపిక పట్టమన్నాను. సైట్‌కు ముందు నిలబడి వేగం, రక్షణ ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్ ఎందుకు పెట్టలేదని అడిగే మిత్రులకు ఒకటే జవాబు. అన్న గుర్తుపెట్టుకోవాల్సిన లాగిన్లు ఇప్పటికే మూడు, రోజుకు పదుల మంది వచ్చే సైట్‌కు నాలుగోది వద్దు.

మెయిల్‌ను మాత్రం కొత్త హోస్టింగ్‌లో పెట్టలేదు. అక్కడ కూడా ఐపీ పదిమందిదే, ఈ రోజు శుభ్రంగా ఉంటే రేపు ఉంటుందని లేదు. మెయిలే బతుకుతెరువైన చోట దానికి వేరే ఇల్లు చూడాల్సిందే. మెయిల్ సేవలిచ్చే గూగుల్ వర్క్‌స్పేస్, జోహో రెండూ చూశాం. కావాల్సింది మూడు అకౌంట్లే, కాబట్టి జోహో ఉచిత ప్లాన్ సరిపోయేట్టు కనబడింది గానీ, పెద్దాయన అవుట్‌లుక్ వదలడు, ఉచిత ప్లాన్‌లో ఐమ్యాప్ (అవుట్‌లుక్ లాంటి వాటిలోకి మెయిళ్లు తెచ్చే దారి) లేదు. అందుకని డబ్బు కట్టే చిన్న ప్లాన్ తీసుకున్నాం. పాత మెయిళ్లన్నీ ఐమ్యాప్ ద్వారా కొత్తదానిలోకి లాగితే తెలిసింది, పాత హోస్టింగ్ డిస్క్ నిండుతోందని ఏటా వచ్చిన హెచ్చరికలకు సైట్ కారణం కాదని. ఆర్కిటెక్టులు పంపిన డ్రాయింగులే 9 జీబీ ఉన్నాయి. అన్న ఆ హెచ్చరికలు చూసి ఒకసారి పెద్ద ప్లాన్‌కు కూడా మారాడట.

వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కు పోవాలో చెప్పే ఎంఎక్స్ వరుసలు మార్చాను. ఎస్‌పీఎఫ్ దగ్గర జాగ్రత్తపడాల్సి వచ్చింది. పాతదాని పక్కన కొత్తది చేర్చితే సరిపోతుందనిపిస్తుంది, కానీ ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ వరుస ఒక్కటే ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు. పాతది తుడిచి ఒక్కటే రాశాను. డీకిమ్ తాళం పెట్టాను. డీమార్క్‌ను మొదట 'నన్' మీద పెట్టాను, అంటే ఏ మెయిల్‌నూ ఆపొద్దు, నివేదిక మాత్రం పంపమని. సైట్‌లోని ఎంక్వైరీ ఫారం కూడా సర్వర్ సొంత మెయిల్‌తో కాకుండా జోహో ఎస్‌ఎంటీపీ (మెయిల్ పంపే సర్వర్) ద్వారా పోయేట్టు కట్టాను. పెద్దాయన మళ్లీ అదే కొటేషన్ నాకు పంపాడు. ఇన్‌బాక్స్‌లోకి వచ్చింది, షో ఒరిజినల్‌లో మూడు వరుసలూ పాస్. అవుట్‌లుక్ వాడే ఒకరిద్దరు గిరాకీదార్ల దగ్గర మాత్రం కొన్ని వారాలు జంక్‌లోనే పడ్డాయి. పోయిన పేరు అంత త్వరగా రాదు మరి. వాళ్లకు పెద్దాయన ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.

డీమార్క్ నివేదికలు రోజూ గూగుల్ నుంచి జిప్ ఫైళ్లుగా వస్తాయి. తెరిస్తే మనిషి చదివేట్టు ఉండవు. తీరిక చేసుకుని చూస్తే మన సర్వర్లలో లేని ఒక ఐపీ నుంచి ఫ్యాక్టరీ పేరుతో మెయిళ్లు పోతున్నాయి. ఎవరో దొంగ అనుకుని అన్న హడావుడి పడ్డాడు. తీరా చూస్తే అది వాళ్ల బిల్లింగ్ సాఫ్ట్‌వేరే. లారీ లోడైన వెంటనే ఇన్వాయిస్‌ను పాత హోస్టింగ్ మెయిల్ సర్వర్ ద్వారా పంపుతోంది. ఎప్పుడో ఎవరో అందులో పాత పాస్‌వర్డ్ కొట్టి మర్చిపోయారు. పాత హోస్టింగ్‌ను వెంటనే మూసేసి ఉంటే ఇన్వాయిస్‌లు చడీచప్పుడు లేకుండా ఆగిపోయేవి. దాన్ని కూడా జోహో ఎస్‌ఎంటీపీకి తిప్పి, ఆ ఐపీ నివేదికల్లో కనబడటం మానేసేదాకా ఆగి, డీమార్క్‌ను 'క్వారంటైన్'కు, అంటే పరీక్ష తప్పిన మెయిల్‌ను స్పామ్‌లో వేయమనే దానికి, మార్చాను. పాత హోస్టింగ్‌కు ఇంకా రెండు నెలల గడువుంది. దాన్ని అట్లాగే వదిలేశాం, రెన్యువల్ బిల్లు సిడ్నీకి వచ్చినప్పుడు కట్టొద్దని అబ్బాయికి చెప్పి పెట్టాం.